ఇంట్లో సిరంజి వాడవలసి వస్తే: ఎంపిక, కొలత, జాగ్రత్తలు

షుగరు ఉన్న పెద్దవారికి ఇన్సులిన్ వేయడం, జ్వరం వచ్చిన పసిబిడ్డకు మందు పట్టడం, ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినవారికి రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద ఇంజెక్షన్ ఇవ్వడం, మంచాన పడినవారికి ముక్కు గొట్టం ద్వారా ఆహారం అందించడం వంటి పనులు ఆసుపత్రి గడప దాటి మన ఇళ్లలోకి వచ్చి చాలా కాలమైంది. వీటన్నిటికీ సిరంజి కావాలి, కాని అన్నిటికీ ఒకే సిరంజి పనికిరాదు. సూది గుచ్చడమంటే అందరికీ భయమే. నిజానికి భయపడవలసింది అంతకుముందు జరిగే పని గురించి. సిరంజిని ఎంచుకునేటప్పుడు, దాని మీది గీతలు చదివేటప్పుడు జరిగే పొరపాటును ఆ తరువాత చేతి నేర్పు ఎంత ఉన్నా సరిదిద్దలేము. సిరంజి అన్నిటికంటే ముందు ఒక కొలత సాధనమని గుర్తుపెట్టుకుని ఈ వ్యాసాన్ని చదవండి. ఇందులో చెప్పిన ఇంజెక్షన్ పనులేవీ మొదటిసారి ఒంటరిగా చేయకండి. డాక్టరు గాని నర్సు గాని చేసి చూపించిన తరువాత, వారి ఎదుట ఒకసారి మీరే చేసి, ఆపైన ఇంట్లో మొదలుపెట్టండి.

ముందుగా సిరంజిని చదవడం నేర్చుకోండి

సిరంజిని చేతిలోకి తీసుకోగానే సూది వైపు కాకుండా గొట్టం వైపు చూడండి. గొట్టం మీద అంకెల పక్కన ఏ కొలత ముద్రించి ఉందో వెతకండి. సాధారణ సిరంజిల మీద మిల్లీలీటర్లు ఉంటాయి. కొన్నిటి మీద సీసీ అని ఉంటుంది, రెండూ ఒకటే. ఇన్సులిన్ సిరంజిల మీద మాత్రం మిల్లీలీటర్లకు బదులు యూనిట్లు ఉంటాయి. ఈ రెండు కొలతలను ఒకదాని స్థానంలో మరొకటి చదవడం ప్రాణాంతకం కాగలదు. తరువాత, రెండు పెద్ద అంకెల మధ్య ఎన్ని చిన్న గీతలున్నాయో లెక్కపెట్టి, ఒక్కొక్క గీత విలువ ఎంతో తేల్చుకోండి. రెండు మిల్లీలీటర్ల సిరంజిలో చిన్న గీత 0.1 అయితే, అయిదు మిల్లీలీటర్ల సిరంజిలో అది సాధారణంగా 0.2 అవుతుంది. గీతల మధ్య దూరం కంటికి ఒకేలా కనిపించినా విలువ ఒకటి కాదు.

ఇక గీతను ఎక్కడ చదవాలన్నది తెలియాలి. ప్లంజర్ (గొట్టంలో ముందుకూ వెనక్కూ జరిపే కడ్డీ) కొసన నల్లటి రబ్బరు బిరడా ఉంటుంది. సాధారణ సిరంజిలో ఆ బిరడా ముందు భాగం గోపురంలా పొడుచుకు వచ్చి ఉంటుంది, దాని వెనుక గొట్టం గోడను తాకుతూ రెండు వలయాలు ఉంటాయి. సూదికి దగ్గరగా ఉన్న వలయం గోడను తాకే అంచు ఏ గీత మీద ఉందో అదే మీ కొలత. గోపురం కొసను గాని వెనుక వలయాన్ని గాని చదవకూడదు. చాలా ఇన్సులిన్ సిరంజిలలో బిరడా ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది గనుక అక్కడ ఈ గందరగోళం తక్కువ. సిరంజిని కంటికి ఎదురుగా, నిలువుగా పట్టుకుని వెలుతురులో చూడండి. పైనుంచి వంగి చూసినా, కింది నుంచి చూసినా గీత జరిగినట్లు కనిపిస్తుంది.

మందుల షాపులో ఏది అడగాలి

షాపులో సిరంజి ఇవ్వండి అంటే ఎక్కువగా చేతికి వచ్చేది రెండు లేక అయిదు మిల్లీలీటర్ల సిరంజి. కండరానికి ఇచ్చే ఇంజెక్షన్లకు, రక్తం తీయడానికి, పొడి మందులో నీరు కలపడానికి ఇవి వాడతారు. పది, ఇరవై మిల్లీలీటర్లవి ఎక్కువగా నరంలోకి నెమ్మదిగా ఇచ్చే మందులకు. ఈ పనులు ఇంట్లో మీరు చేయవలసినవి కావు గనుక వీటి గురించి ఎక్కువ చెప్పను. ఒక్క సూత్రం మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది. ఇవ్వవలసిన మోతాదు పట్టే సిరంజిలలో అన్నిటికంటే చిన్నదాన్ని ఎంచుకోండి. అర మిల్లీలీటరు మందును పది మిల్లీలీటర్ల సిరంజితో కొలవబోతే ఒక గీత మేర తేడా రావచ్చు, ఒక మిల్లీలీటరు సిరంజితో కొలిస్తే ఆ తేడా కంటికి ఆనదు.

సిరంజి కొసలలో కూడా రకాలున్నాయి. సూదిని నొక్కి దిగ్గొట్టే నున్నటి కొస ఒకటి, మర తిప్పి బిగించేది మరొకటి. ఒత్తిడితో మందు పంపవలసిన చోట, సెలైన్ గొట్టాలకు తగిలించవలసిన చోట మర ఉన్నదే క్షేమం, ఎందుకంటే సూది ఊడి రాదు. సూదుల మందాన్ని గేజి అంకెతో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోండి. సూది మొదట్లో ఉండే ప్లాస్టిక్ రంగు కూడా గేజిని బట్టి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే ఉంటుంది: 18 గులాబి, 20 పసుపు, 21 ఆకుపచ్చ, 22 నలుపు, 23 నీలం, 24 ఊదా, 25 నారింజ, 26 గోధుమ. ఇన్సులిన్ సిరంజిలలో సూది 30, 31 గేజిలలో వెంట్రుకలా సన్నగా ఉండి, గొట్టానికే అతికి ఉంటుంది.

ప్యాకెట్టును కూడా చదవండి. గడువు తేదీ, క్రిమిరహితం చేసినట్టు ముద్ర, 2 అంకె మీద అడ్డగీత కొట్టిన గుర్తు ఉండాలి. ఆ గుర్తుకు అర్థం ఒకసారి వాడిన తరువాత మళ్లీ వాడరాదని. కవరు చిరిగినా, నీటి మరక కనిపించినా ఆ సిరంజిని తిప్పి ఇచ్చేయండి. తెరిచేటప్పుడు సూదితోనో ప్లంజర్‌తోనో కాగితాన్ని పొడిచి బయటికి లాగకుండా, కాగితం అంచునూ ప్లాస్టిక్ అంచునూ రెండు వైపులకు విడదీయండి.

ఇన్సులిన్ సీసా, సిరంజి: జోడీ కుదర్చడం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతలలో దొరుకుతుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండే సీసాలు ఒక రకం, ఒక మిల్లీలీటరులో 100 యూనిట్లు ఉండేవి మరొక రకం. చాలాకాలంగా వాడుకలో ఉన్న హ్యూమన్ ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా 40 రకానికి చెందినవి. పెన్ను ఆకారపు ఇన్సులిన్ పరికరాలలో వాడే కాట్రిడ్జిలు, గ్లార్జిన్ వంటి కొత్త ఇన్సులిన్ల సీసాలు సాధారణంగా 100 రకం. దానికి తగ్గట్టే సిరంజిలూ రెండు రకాలు. 40 రకం సీసాకు వాడే సిరంజి సూది మూత ఎరుపు, 100 రకానికి వాడేదాని మూత నారింజ.

రెండు సిరంజిలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం స్పష్టపడుతుంది. రెండూ ఒక మిల్లీలీటరువే, పొడవు, లావు ఇంచుమించు ఒకటే. ఎర్ర మూతదాని మీద చివరి అంకె 40, నారింజ మూతదాని మీద చివరి అంకె 100. ఎర్ర మూత సిరంజిలో 20 అంకె సరిగ్గా గొట్టం సగంలో ఉంటుంది, నారింజ మూత సిరంజిలో అదే 20 అయిదో వంతు దగ్గరే వచ్చేస్తుంది. ఇప్పుడు డాక్టరు 20 యూనిట్లు రాశారనుకోండి. 100 రకం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 వరకు లాగితే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. అంత మోతాదుకు షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. తిరగేసి, 40 రకం ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజిలో 20 వరకు లాగితే అందేది 8 యూనిట్లే. అప్పుడు షుగరు తగ్గడం లేదని మోతాదు పెంచుతూ పోతారు, తరువాత ఎప్పుడో సరైన సిరంజి చేతికి వచ్చిన రోజున ఆ పెంచిన మోతాదంతా ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. ఈ రెండోది మొదటిదానికంటే నెమ్మదిగా వచ్చే ప్రమాదం గనుక కనిపెట్టడం మరీ కష్టం.

అందువల్ల ప్రతిసారీ ఈ క్రమం పాటించండి. సీసా మీది పేరు చదవండి. ఆ పక్కనే మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లో చదవండి. సిరంజి గొట్టం మీద ముద్రించిన 40 లేక 100 చదవండి. రెండు అంకెలూ ఒకటైతేనే ముందుకు వెళ్లండి. మూత రంగు సాయం చేస్తుంది గాని, రంగును మాత్రమే నమ్మకండి, అంకెను చదవండి. సరైన సిరంజి ఇంట్లో లేకపోతే లెక్క కట్టి మరో సిరంజితో సర్దుకునే ప్రయత్నం చేయకండి, షాపు నుంచి సరైనది తెప్పించండి. ఊరు మారినప్పుడు, ఆసుపత్రి మారినప్పుడు, కొత్త రకం ఇన్సులిన్ రాసినప్పుడు, విదేశాల నుంచి పిల్లలు సిరంజిలు తెచ్చి ఇచ్చినప్పుడు ఈ పరిశీలన మరింత అవసరం. అమెరికా వంటి దేశాలలో వాడుకలో ఉన్నవి 100 రకం సిరంజిలే గనుక, అక్కడి పెట్టెను ఇక్కడి 40 రకం సీసాతో జతచేస్తే పైన చెప్పిన రెండో పొరపాటే జరుగుతుంది.

ఒక మిల్లీలీటరు ట్యూబర్క్యులిన్ సిరంజి అని ఇంకొకటి ఉంది. చూడటానికి ఇన్సులిన్ సిరంజిలాగే సన్నగా ఉంటుంది, కాని దాని మీద ఉండేవి మిల్లీలీటరులో నూరో వంతులు, యూనిట్లు కావు. క్షయ పరీక్ష కోసం చర్మం పొరల్లోకి 0.1 మిల్లీలీటరు మందు ఇవ్వడానికి, అలెర్జీ పరీక్షలకు దాన్ని వాడతారు. దానితో ఇన్సులిన్ వేయకండి.

ఇన్సులిన్ లాగడం

చేతులు సబ్బుతో కడుక్కోండి. ఫ్రిజ్‌లోని సీసా అయితే కొంతసేపు ముందే బయటపెట్టండి, చల్లటి మందు మంట పెడుతుంది. సీసాలోని మందును వెలుతురులో చూడండి. రెగ్యులర్, గ్లార్జిన్ వంటివి నీళ్లలా తేటగా ఉండాలి, మబ్బుగా మారితే వాడకూడదు. 30/70 మిశ్రమం, ఎన్‌పీహెచ్ వంటివి సహజంగానే పాలలా తెల్లగా ఉంటాయి, వాటిని కదపకుండా ఉంచితే తెల్లటి మడ్డి అడుగున దిగుతుంది. అటువంటి సీసాను రెండు అరచేతుల మధ్య ఇరవైసార్లు దాకా దొర్లించి, మందంతా ఒకే తెల్లదనానికి వచ్చిందని చూసుకోండి. గట్టిగా కుదిపితే నురగ వచ్చి కొలత తప్పుతుంది. దొర్లించిన తరువాత కూడా గడ్డలు, గోడకు అంటుకున్న పొరలు కనిపిస్తే ఆ సీసా పాడైనట్టే.

సీసా రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వండి. సిరంజిలోకి, మీరు లాగవలసిన యూనిట్లు ఎన్నో అంత గాలి లాగండి. సీసాను బల్ల మీద నిలబెట్టి, సూదిని రబ్బరు మధ్యలో గుచ్చి ఆ గాలిని లోపలికి వదలండి. చాలామంది ఈ పని మానేస్తారు. గాలి చొరబడని సీసా నుంచి మందు లాగేకొద్దీ లోపల ఒత్తిడి తగ్గి, ప్లంజర్ వెనక్కి గుంజుకుంటుంది, బుడగలు వస్తాయి, కొన్ని రోజుల తరువాత మందు సరిగా రాదు. గాలి వదిలిన తరువాత సూది తీయకుండానే సీసానూ సిరంజినీ కలిపి తలకిందులు చేసి, సూది కొస మందులో మునిగి ఉండేలా చూసుకుంటూ, కావలసిన గీత కంటే రెండు మూడు యూనిట్లు ఎక్కువ లాగండి.

ఇప్పుడు గొట్టాన్ని దగ్గరగా చూడండి. బిరడా ముందు, సూది మొదట్లో చిన్న చిన్న బుడగలు అంటుకుని ఉంటాయి. గొట్టాన్ని గోటితో రెండు మూడుసార్లు తడితే అవి పైకి లేచి ఒకటవుతాయి, వాటిని తిరిగి సీసాలోకే తోసి, ప్లంజర్‌ను సరిగ్గా మీ గీత దగ్గర ఆపండి. చర్మం కిందికి వెళ్లిన చిన్న బుడగ వల్ల ప్రాణాపాయం లేదు. కాని బుడగ ఉన్నంత మేర మందు లేనట్టే గనుక మోతాదు తగ్గుతుంది.

రెండు రకాల ఇన్సులిన్‌ను ఒకే సిరంజిలో కలిపి వేయమని డాక్టరు చెప్పి ఉంటే, తేటదాన్ని ముందు, తెల్లదాన్ని తరువాత లాగాలి. అందుకు మొదట తెల్ల మందు సీసాలోకి దాని మోతాదుకు సరిపడా గాలి వదిలి, సూది మందును తాకకుండానే బయటికి తీయండి. తరువాత తేట మందు సీసాలోకి గాలి వదిలి, ఆ మందును లాగి, ఆపైన తెల్లదాన్ని మొత్తం మోతాదు గీత వరకు లాగండి. రెండోది గీత దాటితే తిరిగి సీసాలోకి తోయకండి, సిరంజిలోనిది మొత్తం పారవేసి కొత్త సిరంజితో మళ్లీ మొదలుపెట్టండి. గ్లార్జిన్‌ను మాత్రం ఇతర ఇన్సులిన్‌తో ఒకే సిరంజిలో కలపకూడదు.

గుచ్చే చోటు, గుచ్చే తీరు

పొట్ట, తొడల ముందు వెలుపలి భాగం, జబ్బల వెనుక వైపు, పిరుదుల పైభాగం ఇన్సులిన్‌కు అనువైన చోట్లు. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల దూరం వదిలిపెట్టండి. మామూలు హ్యూమన్ ఇన్సులిన్ పొట్ట నుంచి త్వరగా, తొడ, పిరుదుల నుంచి నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది గనుక ఉదయం మోతాదు పొట్టకైతే రోజూ ఉదయం పొట్టకే వేయండి. అయితే ఆ పొట్ట మీదనే నిన్న గుచ్చిన చోటికి కనీసం ఒక వేలి వెడల్పు దూరం జరగండి. నొప్పి తెలియడం లేదని ఒకే చోట నెలల తరబడి గుచ్చేవారు చాలామంది ఉన్నారు. అక్కడ చర్మం కింద కొవ్వు గట్టిపడి గడ్డ కడుతుంది, నొప్పి లేకపోవడానికి కారణమూ అదే. ఆ గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒకరోజు అందుతుంది, మరొకరోజు అందదు. షుగరు కారణం లేకుండా ఎక్కుతూ దిగుతూ ఉంటే ముందుగా చేత్తో తడిమి గడ్డలున్నాయేమో చూడండి. ఉంటే ఆ చోటు మానేసి, డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే కొత్త చోట వేసినప్పుడు పాత మోతాదు ఎక్కువ కావచ్చు.

పెద్దవారి చర్మం మందం, మనిషి లావైనా సన్నమైనా, రెండు రెండున్నర మిల్లీమీటర్ల వరకే ఉంటుంది. అందువల్ల ఆరు మిల్లీమీటర్ల సూది చాలామందికి సరిపోతుంది, పొడవాటి సూది కండరంలోకి దిగే అవకాశం ఉంది. బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని మృదువుగా మడతపట్టి, సూదిని నిటారుగా, సన్నగా ఉన్నవారికైతే ఏటవాలుగా గుచ్చి, ప్లంజర్‌ను నెమ్మదిగా చివరిదాకా తోయండి. పది లెక్కపెట్టి సూది తీసి, ఆ తరువాత మడత వదలండి. రుద్దకండి. చర్మం మీద స్పిరిట్ రాసి ఉంటే ఆరిన తరువాతే గుచ్చండి.

తెరవని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఫ్రిజ్ తలుపులో గాని కింది అరలో గాని ఉంచండి, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడకం మొదలుపెట్టిన సీసా సాధారణంగా నాలుగు వారాలు మాత్రమే వాడదగినది, కాబట్టి తెరిచిన తేదీని దాని మీద రాయండి. మన ఎండాకాలంలో గదిలోని వేడి ఇన్సులిన్‌కు పనికిరాదు. ఫ్రిజ్ లేని ఇళ్లలో సీసాను మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుకలో ఉంచిన మట్టికుండలో నీడపట్టున పెట్టుకోవడం మంచి పద్ధతి.

పొరపాటున ఎక్కువ మోతాదు వెళ్లిందని తెలిస్తే వెంటనే షుగరు పరీక్షించి, డాక్టరుకు ఫోన్ చేయండి. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే మూడు చెంచాల చక్కెర లేక గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

నింపి వచ్చే సిరంజి

ఆపరేషన్ల తరువాత, కొందరు గర్భిణులకు, రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సపారిన్ రాస్తారు. ఇది 0.4 మిల్లీలీటర్లలో 40 మిల్లీగ్రాముల వంటి కొలతల్లో ముందే నింపిన సిరంజిగా వస్తుంది. ఇన్సులిన్ అలవాటున్నవారు ఇందులోని గాలి బుడగను చూసి బయటికి తోసేస్తారు. అలా చేయకండి. మొత్తం మోతాదు ఇవ్వవలసినప్పుడు ఆ బుడగను ఉంచాలి. సూది కిందికి ఉన్నప్పుడు బుడగ ప్లంజర్ వైపు తేలి, చివరి చుక్క మందునూ లోపలికి తోస్తుంది. సిరంజిలోని కొంత భాగం మాత్రమే ఇవ్వమని చెప్పి ఉంటే ఏం చేయాలో నర్సును అడిగి తెలుసుకోండి. పొట్ట పక్క భాగంలో, బొడ్డుకు కనీసం అయిదు సెంటీమీటర్ల దూరంలో, మడతను చివరిదాకా వదలకుండా నిటారుగా గుచ్చి, తీసిన తరువాత రుద్దకండి. రుద్దితే కమిలి నల్లబడుతుంది.

పసిపిల్లల నోటి మందుకు

నోటి మందుకు సూది ఎక్కని కొస ఉన్న సిరంజిలు ఉంటాయి, దొరికితే అవే కొనండి. మామూలు సిరంజినే వాడవలసి వస్తే సూదిని, దాని మూతను, కొస మీద ఉండే చిన్న మూతను ముందే తీసి పారవేయండి. ఆ మూత బిడ్డ గొంతులో ఇరుక్కున్నదంటే ఊపిరి ఆగిపోతుంది. వంటింటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో పరిమాణంలో ఉంటాయి గనుక వాటితో మందు కొలవకండి.

ఇక్కడ కూడా గాఢతే కీలకం. పారాసెటమాల్ చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అదే పేరుతో వచ్చే సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 120 లేక 125 ఉండవచ్చు, 250 కూడా ఉండవచ్చు. సిరప్ అనుకుని చుక్కల మందును అయిదు మిల్లీలీటర్లు పడితే 500 మిల్లీగ్రాములు వెళ్తాయి, పసిబిడ్డకు అది విషంతో సమానం. డాక్టరు చెప్పేటప్పుడే ఎన్ని మిల్లీలీటర్లు, ఏ గాఢత ఉన్న సీసా నుంచి అన్న రెండూ రాయించుకోండి. సీసా మారితే పాత మిల్లీలీటర్ల లెక్క పనికిరాదు.

బిడ్డను ఒళ్లో కొంచెం నిటారుగా కూర్చోబెట్టి, సిరంజి కొసను నాలుక మీద కాకుండా బుగ్గ లోపలి వైపు పెట్టి, కొద్దికొద్దిగా తోస్తూ మింగనివ్వండి. ఏడుస్తున్నప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు పోయకండి, మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వాడిన తరువాత ప్లంజర్ ఊడదీసి గోరువెచ్చటి సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అంకెలు చెరిగిపోవడం మొదలవగానే కొత్తది తీసుకోండి.

ముక్కు గొట్టానికి

ముక్కు గొట్టం ద్వారా ఆహారానికి 50 లేక 60 మిల్లీలీటర్ల, పొడవాటి శంకువు కొస ఉన్న సిరంజి వాడతారు. గొట్టం స్థానంలోనే ఉందో లేదో నర్సు నేర్పిన పద్ధతిలో ప్రతిసారీ పరీక్షించి, తలవైపు ఎత్తు పెట్టిన తరువాతే మొదలుపెట్టండి. ప్లంజర్ తీసేసి, గొట్టానికి సిరంజిని గరాటులా తగిలించి, ఆహారాన్ని దాని బరువుతో అదే దిగనివ్వాలి, తోయకూడదు. ముగిసిన తరువాత నీళ్లు పోసి గొట్టాన్ని శుభ్రం చేయండి, మనిషిని అరగంటకు తక్కువ కాకుండా అదే ఎత్తులో ఉంచండి. దగ్గు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆపండి.

క్లినిక్‌లో మీరు చూడవలసింది

ఇంజెక్షన్ మరొకరు వేస్తున్నప్పుడు కూడా మీకు ఒక బాధ్యత ఉంది. కొత్త ప్యాకెట్టును మీ కళ్లెదుటే తెరవమని అడగండి, అది అవమానించడం కాదు. ఒకసారి వాడిన సిరంజిని, సూది మార్చినా సరే, మరొకరికి వాడితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి సోకవచ్చు, ఎందుకంటే రక్తం గొట్టంలోకి కూడా చేరుతుంది. పిల్లల టీకాలకు వాడే సిరంజిలు ఒకసారి ప్లంజర్ తోయగానే లోపల బిగుసుకుపోయి రెండోసారి లాగడానికి రావు. సాధారణంగా వీటిలో అర మిల్లీలీటరువి, బీసీజీ కోసం 0.1 మిల్లీలీటరువి ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చికిత్స ఇంజెక్షన్లకు కూడా ఇలా తిరిగి వాడటానికి వీలులేని సిరంజిలకే మారాలని అన్ని దేశాలనూ కోరింది. మాత్రతో తగ్గే జబ్బుకు సూది వేయమని పట్టుబట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది, దాన్ని మానుకోవడం సిరంజి నాణ్యత ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

ఇంట్లోని సిరంజి విషయంలోనూ అదే నియమం. ఇన్సులిన్ సూదిని మళ్లీ మళ్లీ వాడేకొద్దీ మొన మొద్దుబారి, నొప్పి పెరుగుతుంది, గడ్డలకూ దారితీస్తుంది. ఒకరి సిరంజిని ఇంట్లోని మరొకరికి, భార్యాభర్తలైనా, తల్లీబిడ్డలైనా, ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి.

వాడిన తరువాత

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంట్లో వాడిన సూదులు, సిరంజిలను గృహ ప్రమాదకర వ్యర్థాలుగా వర్గీకరించాయి. అంటే తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ వీటికి చోటు లేదు. చెత్తను చేత్తో వేరుచేసే కార్మికుల వేళ్లకు ఆ సూదులే గుచ్చుకుంటాయి, వారికి తరచు చేతి తొడుగు కూడా ఉండదు. ఫినాయిల్ లేదా బట్టల లిక్విడ్ వచ్చే గట్టి ప్లాస్టిక్ డబ్బాను, మర మూత ఉన్నదాన్ని, ఒకటి కేటాయించండి. మెత్తటి నీళ్ల సీసా పనికిరాదు, సూది దాన్ని పొడుచుకుని బయటికి వస్తుంది. డబ్బా మీద వాడిన సూదులు అని పెద్ద అక్షరాలతో రాయండి. గుచ్చిన వెంటనే సిరంజిని సూది కిందికి ఉండేలా అందులో వేయండి, సూదిని చేత్తో వంచకండి, విరవకండి, ఇతరులకు వాడిన సూదికి తిరిగి మూత తొడగకండి. డబ్బా ముప్పాతిక వంతు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, మీకు వైద్యం చేసే ఆసుపత్రికి గాని, ప్రమాదకర చెత్తను విడిగా తీసుకునే మునిసిపల్ సిబ్బందికి గాని అప్పగించండి. ఇవ్వబోయే ముందు వారు తీసుకుంటారో లేదో అడగండి. పిల్లలకు అందని ఎత్తులో ఉంచడం మరిచిపోవద్దు.

వేరొకరికి వాడిన సూది మీకు గుచ్చుకుంటే ఆ చోటును ధారగా పారే నీళ్లతో, సబ్బుతో కడగండి. పిండి రక్తం తీయకండి, నోటితో పీల్చకండి, బ్లీచింగ్ వంటివి పోయకండి. అదే రోజు, వీలైతే మొదటి రెండు గంటల్లోనే, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. హెచ్ఐవి సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెడితేనే ఉపయోగం, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఆ సూది ఎవరికి వాడారో, మీకు హెపటైటిస్ బి టీకా పడిందో లేదో డాక్టరు అడుగుతారు. ఆ రెండు వివరాలతో పాటు గుచ్చుకున్న సమయాన్ని కూడా ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.